పరీక్ష చెప్పేదెంత? మనం ఊహించుకునేదెంత?

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ భవనంలో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా తీర్పు గుర్తుకు వస్తుంది. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అది హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజు. ఏటా ఈ వేదిక మీద డి.ఆర్. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "కుటుంబాలకు పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. కడుపులో ఉన్న బిడ్డకు చేసే పరీక్షల గురించి చెబుతానంటే ఆయన కొంచెం ఆశ్చర్యపోయారు. డెబ్బై దాటిన మనకు ఆ పరీక్షలతో పనేమిటని మీలోనూ కొందరికి తోచవచ్చు. మనకు పరీక్ష లేదు, నిజమే. కాని ఆ పరీక్ష రిపోర్టు ఇంటికి వచ్చిన రోజున మొదట నోరు విప్పేది మనమే. అందుకే చెబుతున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. మందు చెప్పను, లెక్క మాత్రం చెబుతాను. ఇందులో కొంత చదివి తెలుసుకున్నది, కొంత డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, కొంత ఇంట్లో తప్పు చేసి తెలుసుకున్నది. ఆ తప్పుతోనే మొదలుపెడతాను. మా కోడలి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

ఒక ఎర్ర అక్షరాల కాగితం

2017 శ్రావణ మాసం. మా చిన్నకోడలికి మూడో నెల. వయసు 31. డాక్టరుగారు రాసిచ్చిన ప్రకారం స్కాన్ తీయించుకుని, డబుల్ మార్కర్ పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చింది. శనివారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఎర్ర అక్షరాలతో "డౌన్ సిండ్రోమ్: హై రిస్క్" అని ఉంది. పక్కన 1:140 అని అంకె. ల్యాబులో అడిగితే "మీ డాక్టరుతో మాట్లాడుకోండి" అన్నారు. డాక్టరుగారు సోమవారం దాకా ఊళ్లో లేరు.

ఆ రెండు రోజులూ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో నాకు గుర్తు లేదు. మా ఆవిడ దేవుడి గదిలోంచి బయటకు రాలేదు. నేను మా అబ్బాయిని వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఎందుకురా ఈ బాధ? తొలి నెలల్లోనే తీయించేస్తే సరిపోతుంది. మీ వయసు మించిపోయిందా ఏమిటి?" అన్నాను. మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను. కిటికీ అవతల కోడలు ఉన్న సంగతి చూసుకోలేదు.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, అక్కడే నిలబడి అడిగింది. "మామయ్యగారూ, 140 మందిలో ఒకరికి ఉండవచ్చు అని రాశారు. మిగతా 139 మంది సంగతి మీరు చూశారా?"

నా దగ్గర జవాబు లేదు. పైసా తేడా వస్తే బిల్లు వెనక్కి పంపినవాణ్ణి. ఇంట్లో పసిప్రాణం విషయం వచ్చేసరికి అంకె చదవకుండా ఎర్ర అక్షరాలు చూసి సంతకం పెట్టేశాను.

ఆబ్జెక్షన్ వేరు, విచారణ వేరు

ఆ కాగితం అసలు చెప్పిందేమిటి? మన భాషలో చెబుతాను. ట్రెజరీలో ఒక బిల్లుకు ఆబ్జెక్షన్ పెడతాం. అంటే ఆ డ్రాయింగ్ అధికారి సొమ్ము కాజేశాడని తేల్చినట్టా? కాదు. ఇంకా కాగితాలు చూడాలి అని అర్థం. ఆబ్జెక్షన్ పడిన బిల్లుల్లో చాలా భాగం తర్వాత పాసయ్యేవే. డబుల్ మార్కర్, క్వాడ్రుపుల్ మార్కర్, ఎన్.ఐ.పి.టి. అనేవన్నీ ఆబ్జెక్షన్ పెట్టే పరీక్షలు. వీటిని స్క్రీనింగ్ అంటారు. నిజం తేల్చే విచారణ వేరే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

డౌన్ సిండ్రోమ్ లక్షణాలను 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించాడు. దానికి కారణాన్ని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజ్యూన్, ఆయన సహచరులు ప్రకటించారు. మామూలుగా రెండు ఉండవలసిన 21వ క్రోమోజోము మూడు ఉండటమే ఆ కారణం. గ్రహణం చూడటం వల్ల రాదు, తల్లి తిండి వల్ల రాదు, మేనరికం వల్లా రాదు. మేనరికంతో తలసీమియా వంటి వేరే జబ్బుల భయం పెరిగే మాట నిజమే కాని, ఇది ఆ కోవలోది కాదు. తల్లి వయసుతో మాత్రం సంబంధం ఉంది. 25 ఏళ్ల తల్లికి సుమారు 1,300 కాన్పుల్లో ఒకటి, 30 ఏళ్లకు 900లో ఒకటి, 35 ఏళ్లకు 350లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి.

డబుల్ మార్కర్‌లో 11 నుంచి 14 వారాల లోపు తల్లి రక్తంలో రెండు పదార్థాలు కొలుస్తారు. స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలుస్తారు. దీన్నే ఎన్.టి. అంటారు. వీటికి తల్లి వయసు, బరువు, గర్భం వారాలు కలిపి కంప్యూటరు ఒక అంకె వేస్తుంది. అది అంచనా. వారాల లెక్క తప్పితే అంకె తప్పుతుంది. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

చాలా చోట్ల 1:250 దగ్గర గీత గీస్తారు. 1:249 వస్తే "హై", 1:251 వస్తే "లో". ఆ రెండు బిడ్డల మధ్య నిజానికి తేడా ఏముంది? కటాఫ్ బాధ మనకు కొత్తది కాదు. 31-3-1979కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తర్వాత రిటైరైనవారికి ఒక లెక్క అన్నందుకే కదా నకారాగారు కోర్టుకు వెళ్లింది!

పదివేల మంది లెక్క

ఇప్పుడు కాగితం మీద ఒక లెక్క వేద్దాం. పదివేల మంది గర్భిణులు ఉన్నారనుకోండి. వారిలో 15 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉందనుకుందాం. స్కాను, డబుల్ మార్కరు కలిపి చేస్తే నూటికి 85 నుంచి 90 కేసులు పట్టుకుంటుంది. అంటే 15లో 13 దొరుకుతాయి, రెండు తప్పించుకుంటాయి. అదే సమయంలో ఏ దోషమూ లేని వారిలో నూటికి అయిదుగురికి కూడా "హై రిస్క్" అని వస్తుంది. పదివేలలో అది సుమారు 500 మంది. మొత్తం 513 ఇళ్లకు ఎర్ర అక్షరాల కాగితం వెళుతుంది. అందులో నిజంగా దోషమున్నవి 13. అంటే సుమారు నలభై ఇళ్లలో ఒక ఇల్లు. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్లలో ఏడ్చిన ఏడుపు వృథా.

ఎన్.ఐ.పి.టి. అనే రక్త పరీక్ష ఇంతకంటె చాలా మెరుగైనది. తల్లి రక్తంలో గర్భస్థ శిశువు డి.ఎన్.ఎ. తునకలు తిరుగుతుంటాయని 1997లో డెన్నిస్ లో, ఆయన సహచరులు కనిపెట్టారు. 2011 నుంచి అది పరీక్షగా బజారులోకి వచ్చింది. డౌన్ సిండ్రోమ్ విషయంలో నూటికి 99 పట్టుకుంటుంది. పొరపాటున చెడ్డ ఫలితం చూపేది వెయ్యికి ఒకటి. ఇది నిజమే. కాని మన పదివేల మందికి ఇదే పరీక్ష చేయండి. ఉన్న 15 దాదాపు అన్నీ దొరుకుతాయి. వెయ్యికి ఒకటి చొప్పున పొరపాట్లు పది. మొత్తం "పాజిటివ్" వచ్చినవారు 25 మంది, అందులో పదిమంది బిడ్డలకు ఏ దోషమూ లేదు! "99 శాతం నమ్మకం" అని కరపత్రంలో చదివినవారు ఈ పదిమందిని ఊహిస్తారా? పాతికేళ్ల తల్లికి పాజిటివ్ వస్తే అది నిజమయ్యే అవకాశం సుమారు సగం. నలభై దాటినవారికి వస్తే నూటికి తొంభై పైనే. పరీక్ష ఒకటే, యంత్రం ఒకటే, కాని అర్థం మనిషిని బట్టి మారుతుంది.

ఇంత ఖరీదైన పరీక్ష ఎందుకు పొరబడుతుందని నేనూ అడిగాను. ఆ డి.ఎన్.ఎ. ఎక్కువగా మాయ నుంచి వస్తుందట. ఒక్కోసారి మాయలో ఉన్న తేడా బిడ్డలో ఉండదు. ఇక మరీ అరుదైన చిన్న చిన్న జన్యు లోపాలకు కూడా ఇదే పరీక్షను అదనంగా అంటగడుతున్నారు. జబ్బు ఎంత అరుదైతే తప్పుడు ఆబ్జెక్షన్లు అంత పెరుగుతాయి. 2022 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. ఈ విషయం మీద హెచ్చరిక జారీ చేసింది. ఈ స్క్రీనింగ్ ఫలితం ఒక్కదాన్నే పట్టుకుని గర్భం గురించి నిర్ణయం తీసుకోవద్దు అని.

"లో రిస్క్" అన్న ఇల్లు

రెండో వైపు కూడా చెప్పాలి. నాతో పాటు ఒకే సెక్షన్‌లో పనిచేసిన మిత్రుడు ఈ సభలోనే ఉన్నారు. ఆయన చెప్పమన్నారు కనుకనే చెబుతున్నాను. ఆయన మనవడు 2010లో పుట్టాడు. తల్లికి అప్పుడు 27 ఏళ్లు. పరీక్షలో 1:1100, "లో రిస్క్" అని వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. పుట్టిన బిడ్డకు డౌన్ సిండ్రోమ్. "పరీక్ష బాగుందన్నారుగా?" అని కొడుకు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియలేదని మిత్రుడు అన్నారు. పరీక్ష అబద్ధం చెప్పలేదు. 1,100 మందిలో ఒకరికి అంది. ఆ ఒక్కరు ఎవరో ఒకరి ఇంట్లో పుట్టాలి కదా.

ఆ అబ్బాయికి గుండెలో రంధ్రం ఉంటే ఏడాది లోపే ఆపరేషను చేయించారు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపాలు ఉంటాయి. తల్లి బ్యాంకు ఉద్యోగం మానుకుంది. వాడు నాలుగేళ్లకు నడిచాడు, ఆరేళ్లకు మాట వచ్చింది. ఇప్పుడు వీధిలో అందరి స్కూటర్ నంబర్లూ తప్పు లేకుండా చెబుతాడు, తాతగారి మాత్రల డబ్బా టైముకు తెచ్చి ఇస్తాడు. వాడు లేని ఇల్లు ఊహించుకోలేమంటారు. "మా తర్వాత వీడెట్లా?" అని రాత్రిళ్లు నిద్ర పట్టదనీ అంటారు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

నాకు చేతనైన సాయం ఒకటే చేశాను. మిత్రుడి కొడుకు 2002లో ప్రభుత్వోద్యోగంలో చేరినవాడు, పాత పెన్షను పరిధిలోకి వస్తాడు. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు మన నిబంధనల ప్రకారం జీవితాంతం ఫ్యామిలీ పెన్షను వస్తుంది. కాని మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని, కుటుంబ వివరాల్లో బిడ్డ పేరు, వైకల్యం ఇప్పుడే రాయించి ఉంచాలి. తండ్రి పోయాక తల్లి ఆఫీసుల చుట్టూ తిరిగిన కేసులు నా సర్వీసులో చూశాను. ఇటువంటి పిల్లలున్న సభ్యులు ఎవరైనా ఉంటే ఈ పని రేపే చేయండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ సంస్థ ఉంది. పిల్లలకు శిక్షణ, తల్లిదండ్రులకు సలహా అక్కడ దొరుకుతాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పెద్దయ్యాక గార్డియన్‌ను నియమించుకునే వీలుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది.

తేల్చే పరీక్ష

ఇక మా ఇంటి సంగతి. సోమవారం డాక్టరుగారు చూసి, హైదరాబాదులో జన్యు సలహా ఇచ్చే వైద్యురాలి దగ్గరకు పంపారు. ఆమె గంటసేపు మాట్లాడారు. ఇది చేయండి అని ఒక్కసారి కూడా అనలేదు. మూడు దారులు చెప్పారు. ఏ పరీక్షా వద్దనుకుని కాన్పు దాకా వెళ్లడం ఒకటి. ఎన్.ఐ.పి.టి. చేయించి, అందులో పాజిటివ్ వస్తే ముందుకు వెళ్లడం రెండు. నేరుగా ఉమ్మనీరు పరీక్ష చేయించడం మూడు.

ఉమ్మనీరు పరీక్షే నేను ముందు చెప్పిన విచారణ. 15 వారాలు నిండాక స్కాన్ చూస్తూ, పొట్టలోకి సన్నని సూది పంపి, కొద్దిగా ఉమ్మనీరు తీస్తారు. అందులోని బిడ్డ కణాల్లో క్రోమోజోములు లెక్కపెడతారు. దీనివల్ల గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి అని వెనక చెప్పేవారు. ఇటీవలి పరిశీలనల్లో, చేయి తిరిగిన వారి దగ్గర వెయ్యికి ఒకటి నుంచి మూడు అని తేలింది. తక్కువే, కాని సున్నా కాదు. ఇంకా ముందుగా మాయ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష కూడా ఉంది.

మా కోడలు "మళ్లీ ఇంకో అంచనా నాకు వద్దు, తేలేది కావాలి" అంది. పదహారో వారంలో ఉమ్మనీరు పరీక్ష చేయించుకుంది. పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు ఆమె మాతో అన్నం తిన్నది, టి.వి. చూసింది, నవ్వింది కూడా. లోపల ఏముందో ఎవరం అడగలేదు. ఫలితం మామూలుగా వచ్చింది. 2018లో మనవరాలు పుట్టింది.

సుఖాంతమైంది కనుక ఈ కథ చెబుతున్నానని అనుకోకండి. ఒకనాడు నేను మా కోడలిని అడిగాను, "రెండో విధంగా వచ్చి ఉంటే ఏం చేసేవారమ్మా?" అని. "అది మేమిద్దరం ముందే అనుకుని పెట్టుకున్నాం మామయ్యగారూ. మీకు చెప్పే అవసరం రాలేదు" అంది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. అది నాకు రావలసిన ఫైలు కాదని అర్థమైంది.

మా దగ్గరి బంధువుల్లో ఒక జంటకు ఉమ్మనీరు పరీక్షలోనే దోషం ఖాయమని తేలింది. వారు గర్భం వద్దనుకున్నారు. ఆ అమ్మాయి ఏటా ఆ తేదీన ఎవరితోనూ మాట్లాడదు. ఆమెను పాపం చేశావన్న పెద్దలు మన తరంవారే. బిడ్డను కని పెంచుతున్న మిత్రుడి కోడలిని "ముందే చూసుకోవద్దా?" అన్నదీ మన తరంవారే. ఇటు వెళ్లినా అటు వెళ్లినా మాట పడేది ఆడపిల్లే. ఆ మాటలు మోసేది మనం కాదు కదా.

ఫారాల్లో మామగారి గడి

చట్టం ఏమంటుందో కూడా చూశాను, పాత అలవాటు కొద్దీ. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక వైద్యుడి అభిప్రాయం, బిడ్డకు తీవ్రమైన లోపం వంటి కొన్ని కారణాలకు 24 వారాల దాకా ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. 24 వారాలు దాటితే, తీవ్రమైన లోపం ఉన్నప్పుడు మెడికల్ బోర్డు నిర్ణయించాలి. మేజరైన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం కూడా అక్కరలేదు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఉమ్మనీరు పరీక్షకు ముందు ప్రమాదాలన్నీ గర్భిణికి వివరించి, ఆమెకు తెలిసిన భాషలో సమ్మతి రాయించుకుని, దాని నకలు ఆమెకు ఇవ్వాలి. ఈ ఫారాలన్నీ చదివాను. మామగారి సంతకానికి ఎక్కడా గడి లేదు. అత్తగారికీ లేదు.

మరొక మాట. ఈ పరీక్షల్లో ఆడో మగో కూడా తెలుస్తుంది. అది చెప్పడం నేరం, అడగడమూ నేరం. అడిగినవారికి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా ఉంది. పెద్దవాళ్లం, చనువు కొద్దీ అడిగామంటే కుదరదు.

చివరగా నాలుగు మాటలు. ఒకటి, పరీక్షకు రక్తం ఇచ్చే ముందే "ఫలితం వస్తే ఏం చేద్దాం?" అని భార్యాభర్తలు మాట్లాడుకోవాలి. తెలుసుకోవద్దు అనుకుంటే పరీక్ష వద్దనే హక్కు కూడా వారిదే. రెండు, "హై", "లో" అనే మాటలు చూడకుండా పక్కనున్న అంకె చూడాలి. మూడు, తేల్చే పరీక్ష కాకుండా ఏ నిర్ణయమూ వద్దు. వారాలు గడిచిపోతాయి కనుక ఆలస్యమూ వద్దు. నాలుగు, మనం ఆసుపత్రికి తోడు వెళదాం, డబ్బు కావలసివస్తే సర్దుదాం, పెద్ద పిల్లలను చూసుకుందాం. అడిగితేనే అభిప్రాయం చెబుదాం.

1:140 అన్న మా మనవరాలు, 1:1100 అన్న మిత్రుడి మనవడు ఇద్దరూ ఇవాళ వెనక వరసలో కూర్చుని మిక్చరు పొట్లం పంచుకుంటున్నారు. ఆ రోజు వరండాలో నేనన్న మాట మా కోడలు మరిచిపోయిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం మరవలేదు. మీలో ఎవరి ఇంటికైనా అటువంటి కాగితం వస్తే, మాట్లాడే ముందు ఒక్క రోజు ఆగండి. ఈ ముసలి గుమాస్తా కోరేది అంతే.